రావచ్చుకీ రావద్దుకీ మధ్య పదిహేను నిమిషాలు

బుజ్జీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు నా చేతుల నిండా చపాతీ పిండి. సగం విని, సగం నవ్వి పెట్టేశాను. నువ్వు ఏడుపు గొంతుతో ఉన్నావని పెట్టేశాక గానీ తట్టలేదు. అందుకే ఇవాళ తీరిగ్గా కూర్చుని రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

జరిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీ అత్తగారు అక్కడే టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో మీ బావగారింట్లో ఉన్నారు. ఆదివారం మీ ఫ్రిస్కో ఇంటికి రావచ్చా అని అడిగారు. నువ్వు "ఆదివారం రావచ్చు అత్తయ్యగారూ" అని కొట్టబోతుంటే, కీబోర్డు చూపించిన పదాల్లో పక్కదాని మీద వేలు పడి "రావద్దు" అని వెళ్లిపోయింది. చూసుకుని గుండె జారిపోయి, ఎడిట్ చేద్దామని మెసేజ్ మీద ఎంతసేపు వేలు నొక్కిపట్టినా ఆ మాటే కనపడలేదు. మొన్న నాకు పంపిన మెసేజ్ చక్కగా ఎడిట్ అయిందిగా, ఇదెందుకు అవదు పెద్దమ్మా అని నీ ప్రశ్న.

మొన్న అయింది ఎందుకంటే నాదీ ఐఫోనే కాబట్టి. మీ అత్తగారిది ఆండ్రాయిడ్. తేడా అంతా అక్కడే ఉంది.

నువ్వు వాడిన మెసేజెస్ యాప్ చూడ్డానికి ఒక్కటే గానీ లోపల రెండు మూడు దారులున్నాయి. అవతల కూడా ఐఫోన్ ఉంటే నీ మాట నీలం రంగులో వెళ్తుంది, దాన్ని ఐమెసేజ్ అంటారు, అది ఆపిల్ వాళ్ల సొంత దారి. 2022 సెప్టెంబరులో ఐఓఎస్ 16 (ఐఓఎస్ అంటే ఐఫోన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వచ్చినప్పటి నుంచి ఈ నీలం మెసేజ్‌ని పంపిన 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు, ఐదుసార్ల దాకా. మొత్తానికే వెనక్కి తీసుకోవాలంటే 2 నిమిషాలే గడువు. అవతలివాళ్ల ఐఫోన్ మరీ పాతదై ఐఓఎస్ 16 లేకపోతే మాత్రం పాత మాట పాతచోటే ఉంటుంది, దాని కింద "ఫలానాగా మార్చారు" అని ఇంకో మెసేజ్ పడుతుంది. అంటే తప్పునీ దిద్దుబాటునీ పక్కపక్కన పెట్టి చూపించినట్టే.

అవతల ఆండ్రాయిడ్ ఉంటే ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చలో పాత ఎస్సెమ్మెస్ ఒకటి. 1992 డిసెంబరు 3న ఇంగ్లండ్‌లో "మెర్రీ క్రిస్మస్" అంటూ మొదటిది వెళ్లింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా, పంపేసిన ఎస్సెమ్మెస్‌ని దిద్దుకునే ఏర్పాటు మనలాంటివాళ్ల చేతిలోకి రానేలేదు. అవతల ఫోన్లో పడిందంటే ఇక అది వాళ్ల సొత్తు. (మన తెలుగుకి అందులో ఇంకో తిప్పలు కూడా ఉంది. ఇంగ్లీషులో ఒక ఎస్సెమ్మెస్‌కి 160 అక్షరాలు పడితే తెలుగు లిపిలో 70 మాత్రమే. ఒత్తులూ గుణింతాలూ కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి కాబట్టి మూడు మాటలకే సగం నిండిపోతుంది.)

రెండోది ఆర్‌సీఎస్. ఎస్సెమ్మెస్‌కి కొత్త తరం అనుకో. 2024 సెప్టెంబరులో ఐఓఎస్ 18తో ఐఫోన్లోకి వచ్చింది. దీనివల్ల ఐఫోన్‌కీ ఆండ్రాయిడ్‌కీ మధ్య ఫోటోలు మసకబారకుండా వెళ్తున్నాయి, అవతలివాళ్లు టైప్ చేస్తుంటే తెలుస్తోంది, చదివారో లేదో తెలుస్తోంది. ఇన్ని వచ్చాయి కదా, ఎడిట్ కూడా వచ్చే ఉంటుంది అని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నా. ఆర్‌సీఎస్ నిబంధనల్లో ఎడిట్‌ని 2024లోనే చేర్చారు కూడా. కానీ నిబంధన కాగితం మీద ఉంటే సరిపోదుగా, రెండువైపులా కంపెనీలు దాన్ని తమ ఫోన్లలో పెట్టాలి. ఆండ్రాయిడ్ వాళ్లలో వాళ్లు గూగుల్ మెసేజెస్‌లో 15 నిమిషాల్లోపు దిద్దుకుంటున్నారు. నీ ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి పంపినదాన్ని మాత్రం, నేను ఇది రాసే నాటికి, దిద్దలేం. అటు నుంచి ఇటు కూడా అంతంతమాత్రమే. మీ పెదనాన్న తన ఆండ్రాయిడ్ నుంచి నాకు పంపినదాన్ని దిద్దితే ఆయన తెరమీద శుభ్రంగా మారిపోయింది, నా ఫోన్లో మాత్రం పాతది అలాగే ఉండి, కింద నక్షత్రం గుర్తుతో ఇంకో మెసేజ్ వచ్చింది. ఆయన దిద్దేశాననుకుని నిశ్చింతగా కూర్చున్నారు!

నీకు చెప్పదలచుకున్నది అదే. నీ తెరమీద మారింది కాబట్టి వాళ్ల తెరమీద కూడా మారిందని ఎప్పుడూ అనుకోకు. మీ ఇంట్లో మీ ఆయనది ఆండ్రాయిడే కదా. ఈ సాయంత్రం రెండు ఫోన్లూ బల్లమీద పక్కపక్కన పెట్టుకో. నీ ఫోన్ నుంచి ఒక పిచ్చి మెసేజ్ పంపు, దిద్దు, అవతల ఏం కనపడుతోందో నీ కళ్లతో చూడు. తర్వాత అదే పని వాట్సాప్‌లో చెయ్యి. పది నిమిషాల పని. నేనెంత రాసినా ఆ పది నిమిషాల్లో తెలిసినంత తెలియదు. ఈ కంపెనీలు ఆర్నెల్లకోసారి ఏదో ఒకటి మారుస్తుంటాయి కూడా, అందుకని ఫోన్ పెద్ద అప్‌డేట్ అయినప్పుడల్లా ఒకసారి ఇలా చూసుకోవడం మంచిది.

గ్రూపుల సంగతి ఇంకా ఘోరం. పదిమంది ఐఫోన్లవాళ్లున్న మెసేజెస్ గ్రూపులో ఒక్క ఆండ్రాయిడ్ మనిషి ఉంటే చాలు, గ్రూపు మొత్తం ఆకుపచ్చ అయిపోతుంది, ఐఫోన్లవాళ్లందరికీ ఎడిట్ పోతుంది. ఆ ఒక్క మనిషినీ తిట్టుకోవద్దు, పాపం ఆవిడ తప్పేం లేదు.

ఇక వాట్సాప్. మనవాళ్లందరూ దాంట్లోనే ఉన్నారు కాబట్టి మీ అత్తగారితో ఇకనుంచి అక్కడే మాట్లాడు. దానికి ఐఫోనా ఆండ్రాయిడా అన్న పట్టింపు లేదు, రెండువైపులా ఒకటే యాప్ కాబట్టి దిద్దింది దిద్దినట్టు అవతల కనపడుతుంది. 2023 మే నుంచి ఈ సదుపాయం ఉంది, గడువు ఇక్కడ కూడా 15 నిమిషాలే. మెసేజ్ మీద వేలు నొక్కిపట్టు, నీ ఐఫోన్లో అయితే అక్కడే ఎడిట్ అని వస్తుంది, ఆండ్రాయిడ్‌లో అయితే పైన మూడు చుక్కల్లో వెతుక్కోవాలి. దిద్దాక పక్కన ఎడిట్ చేసినట్టు చిన్న గుర్తు పడుతుంది, అంతకుముందు ఏం రాశావో మాత్రం చూపించదు. ఐమెసేజ్ అలా కాదు, ఆ గుర్తు మీద నొక్కితే నీ పాత మాటలన్నీ వరసగా బయటపడతాయి. సిగ్నల్ అనే యాప్ కూడా అంతే, 24 గంటల దాకా దిద్దనిస్తుంది గానీ పాతమాటలన్నీ చూపించేస్తుంది. టెలిగ్రామ్ 48 గంటలిస్తుంది. నీకు ఈ రెండూ అక్కర్లేదులే.

కానీ వాట్సాప్‌ని కూడా గుడ్డిగా నమ్మకు. దాని దెబ్బ నేను తిన్నాను. ఇక్కడ న్యూజెర్సీలో, మా ఎడిసన్‌లో గుడి వంటింటికి వాలంటీర్లని పోగేసే పని ఏళ్ల తరబడి నాదే కదా. ఒక శనివారం రాత్రి గ్రూపులో "సెనగలు 10 పౌండ్లు నానబెట్టండి" అని పెట్టాను. పన్నెండు నిమిషాలకి గుర్తొచ్చింది, మర్నాడు రెండు కుటుంబాల పూజలున్నాయి, జనం రెట్టింపు. గడువు ఇంకా ఉందని గబగబా 10ని 20 చేసి, నా తెలివికి నేనే మురిసిపోయి పడుకున్నాను. నానబెట్టాల్సినావిడ మొదటి మెసేజ్ చూసి, సరే అని బొటనవేలు పెట్టి, ఫోన్ పక్కనపడేసి సెనగలు నీళ్లలో పోసేసింది. ఎడిట్ చేస్తే వాట్సాప్ అవతలివాళ్లకి మళ్లీ గంట కొట్టదు, ఆ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. తెల్లారి సగం వరసకే గుగ్గిళ్లు అయిపోయాయి. ఆవిడ తన ఫోన్ తీసి చూస్తే అక్కడ 20 అనే ఉంది, పాపం తానే తప్పు చదివానేమోనని నాకు క్షమాపణ చెప్పింది. నాకు ఎక్కడ తలదాచుకోవాలో తెలియలేదు. తప్పు నాది, సాక్ష్యమేమో ఆవిడకి వ్యతిరేకంగా తయారైంది.

అప్పటి నుంచి నేను ఒక లెక్క పెట్టుకున్నా. అక్షరం తప్పు పోయిందా, పేరు తప్పు రాశానా, దిద్దేస్తాను. అంకె, రోజు, టైము, అడ్రసు, డబ్బు, ఔను, కాదు, వీటిలో ఏది తప్పినా ఎడిట్ జోలికి పోను, కొత్త మెసేజ్ పంపుతాను, అది గంట కొడుతుంది. జెల్‌లో (అదే, బ్యాంకు నుంచి బ్యాంకుకి డబ్బు పంపే ఏర్పాటు) డబ్బు పంపమని ఎవరికైనా నంబరు తప్పిచ్చావా, మెసేజ్ కూడా వద్దు, వెంటనే ఫోన్ చెయ్యి. అవతలివాళ్లు జవాబిచ్చేశాక పైన నీ మాట మార్చడం కూడా మానుకో. "మీరు ఎందుకు రారు?" అని అడిగితే వాళ్లు "మీరే వద్దన్నారుగా" అన్నారనుకో, నువ్వు పైకెళ్లి పాతమాట మార్చేస్తే చూసేవాళ్లకి వాళ్లు పిచ్చివాళ్లలా కనపడతారు. ఇళ్లలో తగువులు ఇలాంటివాటికే వస్తాయి.

మరి డిలీట్ చేసేస్తే పోదా అన్నావు. వాట్సాప్‌లో అందరికీ కనపడకుండా తీసెయ్యడానికి రెండు రోజుల పైనే గడువుంది, నిజమే. కానీ అక్కడ మెసేజ్ డిలీట్ చేశారు అని ఒక ఖాళీ గుర్తు మిగులుతుంది. అత్తగారికి కోడలు పంపిన మెసేజ్ తప్పుగా ఉంటే ఒక్క అనుమానం వస్తుంది. తీసేసి ఉంటే పది వస్తాయి, ఆ పదింటినీ ఆడపడుచుతో పంచుకుంటారు కూడా. పైగా అసలు మాట అప్పటికే తెరమీద నోటిఫికేషన్‌గా కనపడి ఉండొచ్చు, ఎవరికో ఫార్వర్డ్ అయి ఉండొచ్చు, అక్కడిది నువ్వు మార్చలేవు. ఆండ్రాయిడ్ 11 నుంచి నోటిఫికేషన్ హిస్టరీ అని ఒకటి పెట్టారు, అది ఆన్ చేసి ఉంటే గడిచిన 24 గంటల్లో వచ్చినవన్నీ అక్కడ చదువుకోవచ్చు, నువ్వు తీసేసినవి కూడా.

ఇక నువ్వు చేసిన అసలు పొరపాటు "రావద్దు" కాదే పిచ్చిపిల్లా. ఆ తర్వాత పంపిన "*రావచ్చు". నక్షత్రం పెట్టి సరైన మాట రాస్తే పైదానికి దిద్దుబాటు అని మీ వయసువాళ్లకి తెలుసు. ఆవిడకి ఏం తెలుసు? ముందు రావద్దు అంది, రెండు నిమిషాలాగి, మొగుడు చెప్పాడు కాబోలు, పోనీ రావచ్చులే అంది, అని చదువుకుని ఉంటారు. నేనైనా అలాగే చదువుకుంటాను.

పెద్దవాళ్లకి పూర్తి వాక్యం కావాలి. "అత్తయ్యగారూ, ఇందాక నా వేలు తగిలి రావద్దు అని పడిపోయింది, క్షమించండి. ఆదివారం తప్పకుండా రండి, మధ్యాహ్నం భోజనం ఇక్కడే." అంతే. తప్పేమిటో చెప్పు, ఎలా జరిగిందో చెప్పు, సరైనది చెప్పు, అన్నీ ఒకే మెసేజ్‌లో. పంపి ఊరుకోకుండా ఫోన్ కూడా చెయ్యి. నువ్వే చెయ్యి. నిన్న మీ ఆయన చేత చేయించానన్నావే, అది నాకు నచ్చలేదు.

ఇంకోటి, ఇది ఏ ఫోన్ కంపెనీ వాడూ చెప్పడు. మన భాషలో ఔనుకీ కాదుకీ మధ్య ఒక్క అక్షరమే ఉండే మాటలు చాలా ఉన్నాయి. రావచ్చు, రావద్దు. తేవచ్చు, తేవద్దు. చెప్పొచ్చు, చెప్పొద్దు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడితే ఇంకా దగ్గరగా ఉంటాయి. ముఖ్యమైన కబురు పంపేటప్పుడు ఈ జతల్ని అసలు వాడకు. రావచ్చు అనే బదులు "రండి" అను. ఆ మాటలో ఏ అక్షరం తప్పినా అర్థం లేని మాట అవుతుందేమో గానీ తలకిందులవదు. తేవద్దు అనే బదులు "మా దగ్గర ఉంది, మీరు తెస్తే వృథా అవుతుంది" అని రెండు మాటలు ఎక్కువ రాయి. నేను గుడి గ్రూపులో 10 అని అంకె వేసి పక్కనే "పది" అని కూడా రాస్తాను, అందరూ నవ్వుకుంటారు, నవ్వుకోనీ. మీ పెదనాన్న చెక్కు రాస్తున్నావా అంటారు.

పంపే బాణం గుర్తు నొక్కేముందు ఒకసారి బయటికి చదువుకో, మనసులో కాదు. మనసులో చదివితే రాయాలనుకున్నదే కనపడుతుంది.

ఆదివారం ఆవిడ వచ్చాక, అన్నాలయ్యాక, ఫోన్ అడిగి వాట్సాప్ అప్‌డేట్ చేసి పెట్టు. పాత వెర్షన్లతో ఎప్పుడూ ఏదో ఒక పేచీ. అక్షరాలు కాస్త పెద్దవి చెయ్యి, అడిగేస్తారు ఎలాగూ. నోటిఫికేషన్ హిస్టరీ జోలికి మాత్రం పోకు, అదొకటుందని ఆవిడకి తెలియనక్కర్లేదు.

గోంగూర పచ్చడి చేస్తే మీ బావగారి చేత నాకూ ఒక సీసా పంపించు, వచ్చే నెల ఇటు వస్తున్నారటగా.

మీ పెద్దమ్మ