డాక్టర్ సలహా: గోధుమ బీరుకు మారితే యూరిక్ ఆసిడ్ తగ్గుతుందా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. సోంపేట దగ్గర కొబ్బరి వ్యాపారం. నెల కిందట కుడికాలి బొటనవేలు ఎర్రగా వాచి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయాను. యూరిక్ ఆసిడ్ 8.6, క్రియాటినిన్ 1.3 వచ్చాయి. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నా. వారానికి రెండు స్ట్రాంగ్ బీర్లు తాగుతాను. లైట్ గానీ గోధుమ బీరు గానీ తాగొచ్చా? నల్ల బీరు బలమని, బీరుతో కిడ్నీ రాళ్లు కరుగుతాయని అంటున్నారు.

జవాబు: మీ లక్షణాలు, 8.6 అంకె కలిపి చూస్తే ఇది గౌట్ (యూరిక్ ఆసిడ్ కీళ్లలో పేరుకుని వచ్చే వాపు) లాగే ఉంది. ఈ స్థితిలో ఏ రకం బీరూ మీకు మంచిది కాదు. ఎందుకో తెలియాలంటే రకాల మధ్య తేడా తెలియాలి.

మన దుకాణాల్లో దొరికే లైట్, స్ట్రాంగ్ రెండూ ఎక్కువగా లాగర్లే. వీటిని 8 నుంచి 13 డిగ్రీల చల్లదనంలో పులియబెట్టి, తర్వాత వారాల తరబడి చల్లగానే నిల్వ ఉంచుతారు. అందుకే తేటగా ఉంటాయి. ఏల్ రకాలు 15 నుంచి 24 డిగ్రీల్లో త్వరగా పులుస్తాయి. గోధుమ బీరు ఆ కోవలోదే. దాన్ని సాధారణంగా వడకట్టరు కాబట్టి ఈస్టు, గోధుమ మాంసకృత్తులు మిగిలి మసకగా కనిపిస్తుంది. అందులోని అరటిపండు వాసన కూడా ఈస్టు పుట్టించేదే, పండు వేసి కాదు. మీరడిగిన నల్ల బీరు, అంటే స్టౌట్‌కు నలుపు బాగా మాడ్చిన బార్లీ వల్ల వస్తుంది. అందులో చెప్పుకోదగ్గ ఇనుమేమీ లేదు, బలమూ రాదు. రంగుకూ మత్తుకూ సంబంధం లేదు: ఐర్లాండ్ నల్ల బీరు గిన్నెస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే, బంగారు రంగులో మెరిసే మన స్ట్రాంగ్‌లో 8 శాతం దాకా ఉంటుంది.

కాబట్టి లేబుల్ మీది శాతం చూసి లెక్క వేయండి. మిల్లీలీటర్లను శాతంతో గుణించి, 100తో భాగించి, 0.8తో గుణిస్తే ఆల్కహాల్ గ్రాములు వస్తాయి. 650 మి.లీ. 8 శాతం స్ట్రాంగ్ సీసాలో దాదాపు 42 గ్రాములు. అంటే 30 మి.లీ. విస్కీ పెగ్గులు నాలుగు! 5 శాతం లైట్ సీసాలో 26 గ్రాములు, రెండున్నర పెగ్గులు. "బీరే కదా" అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే.

అయితే గౌట్‌కు ఆల్కహాల్ ఒక్కటే కారణం కాదు. ఆల్కహాల్ కరిగేటప్పుడు లాక్టిక్ ఆసిడ్ పెరిగి, యూరిక్ ఆసిడ్‌ను మూత్రంలోకి వదలకుండా కిడ్నీలను ఆపుతుంది. దానికి తోడు మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన ధాన్యం), ఈస్టుల నుంచి ప్యూరిన్లు వస్తాయి, అవే యూరిక్ ఆసిడ్‌గా మారతాయి. విస్కీలో ఇవి దాదాపు ఉండవు, బీరులో రకమేదైనా ఉంటాయి. ఆల్కహాల్ తీసేసిన బీరులోనూ ఉంటాయి. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పరిశీలనలో గౌట్ ముప్పు బీరుతోనే అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది. అలాగని విస్కీకి మారమని కాదు, అదీ యూరిక్ ఆసిడ్ పెంచేదే. బీరుతో నెత్తళ్లు, ఎండు రొయ్యలు, వేటమాంసం కార్జం తింటే భారం రెట్టింపు.

రాళ్ల సంగతి: బీరు మూత్రం ఎక్కువ పోయిస్తుంది గానీ ఉన్న రాయిని కరిగించదు. యూరిక్ ఆసిడ్ ఎక్కువైతే అదే కొత్త రాయి కావచ్చు.

నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మీ క్రియాటినిన్, అంటే కిడ్నీలు వడకట్టి పంపాల్సిన రక్తంలోని వ్యర్థం. మీ వయసుకు 1.3 అంటే కిడ్నీ వడపోత వేగం (ఈజీఎఫ్ఆర్) సుమారు 69, అంటే పూర్తి మామూలు కాదు. మీది ఉద్దానం. ఆ ప్రాంతపు కిడ్నీ జబ్బులో మూత్రంలో ప్రోటీన్ కనిపించకుండానే క్రియాటినిన్ పెరగవచ్చు, కాబట్టి మూత్రం రిపోర్టు బాగుందని ఊరుకోకండి. మూడు నెలల్లో క్రియాటినిన్ మళ్లీ చేయించండి. ఎండలో తోటల వెంట తిరిగే రోజుల్లో దాహం వేయకముందే నీళ్లు తాగుతుండండి. నొప్పి వస్తే మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కోకండి, కిడ్నీకి అది చేటు. కాలు ఎత్తుగా పెట్టి, గుడ్డ చుట్టిన ఐసును పావుగంట అద్దుతూ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. మీ బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ కూడా యూరిక్ ఆసిడ్ పెంచుతుంది. దాన్ని మీరే మానేయకుండా, మార్చవచ్చేమో ఫిజీషియన్‌ను అడగండి. యూరిక్ ఆసిడ్ తగ్గించే అల్లోప్యూరినాల్ మాత్ర రాస్తే తక్కువ మోతాదుతో మొదలై యూరిక్ ఆసిడ్ 6 లోపుకు వచ్చేదాకా పెంచుతారు. మొదటి నెలల్లో మళ్లీ నొప్పి రావచ్చు, అప్పుడు మాత్ర ఆపకండి. వేసుకున్నాక ఒంటిమీద దద్దుర్లు వస్తే మాత్రం వెంటనే ఆపి, అదే రోజు చూపించుకోండి.