పంజాబ్‌లో పండినంత బీహార్‌లో ఎందుకు పండదు? తేడా నేలదేనా?

నేలది కాదనే అంటాను. మొక్కజొన్న విత్తనాల కంపెనీలో ఫీల్డు ఉద్యోగం చేస్తూ కొన్నేళ్లు బీహార్‌లోని పూర్ణియాలో, ఆ తర్వాత లూధియానా చుట్టుపక్కల తిరిగాను. నేల విషయంలో బీహార్‌కు వంక పెట్టలేం. గంగ, కోసీ తెచ్చి పోసిన ఒండ్రు అది. పదిహేను అడుగుల్లోనే నీళ్లు తగిలే ఊళ్లున్నాయి. అయినా గోధుమ సగటు దిగుబడి పంజాబ్‌లో ఎకరాకు 20 క్వింటాళ్ల దాకా ఉంటే, బీహార్‌లో 12 దగ్గరే ఆగుతుంది. విత్తనం వేరేమో అనుకుంటారు గానీ, హెచ్‌డీ 2967 రకాన్ని రెండు చోట్లా వేస్తారు.

అసలు తేడా తేదీల్లో ఉంది. పంజాబ్ రైతు నవంబర్ మొదటి సగంలోనే గోధుమ విత్తేస్తాడు. బీహార్‌లో బోరులో నీళ్లున్నా వాటిని పైకి తేవాలంటే చాలామందికి గంటల లెక్కన అద్దెకు తెచ్చుకున్న డీజిల్ ఇంజినే దిక్కు. ఆ ఖర్చుకు భయపడి వాన కోసం చూస్తారు. దాంతో వరి నాట్లు ఆలస్యం, కోతలు ఆలస్యం, గోధుమ డిసెంబర్‌లోకి జరుగుతుంది. గింజ పాలుపోసుకునే వేళకు మార్చి ఎండలు ముదిరి, 'పఛువా' అనే పడమటి గాలి వీస్తుంది. గింజ నొక్కుకుపోతుంది. నాలుగైదు తడులు కావాల్సిన పంటకు రెండిచ్చి ఊరుకునేవాళ్లనూ చూశాను. పంజాబ్‌లో 1997 నుంచి, మధ్యలో రెండు మూడేళ్లు తప్ప, పొలం మోటార్లకు కరెంటు ఉచితం, అక్కడ ఎవరూ తడులు లెక్కపెట్టరు.

కమతాల సంగతీ చూడాలి. 2015-16 వ్యవసాయ గణనలో సగటు కమతం పంజాబ్‌లో 3.6 హెక్టార్లు, బీహార్‌లో 0.39. ఆ కాస్తలోనూ కొంత నోటిమాట మీద సగపాలుకు చేసేదే. సగం పంట ఇంకొకరికి పోయేచోట అప్పు చేసి ఎరువులు ఎవరు వేస్తారు? పండినా పంజాబ్‌లోలా మద్దతు ధరకు మొత్తం కొనే ఏర్పాటు లేదు. బీహార్ 2006లో మార్కెట్ కమిటీల చట్టాన్నే రద్దు చేసింది. గోధుమను సర్కారు కొనేది నామమాత్రం, గుమ్మం ముందుకొచ్చిన వ్యాపారి చెప్పిందే ధర.

ఇక బద్ధకం అనే మాట కొందరు అంటుంటారు, నాకు ఒళ్లు మండుతుంది. పంజాబ్‌లోనూ, ఇప్పుడు మన తెలంగాణలోనూ వరి నాట్లు వేస్తున్నది ఆ బీహారీ కూలీలే.

నేల తప్పు కాదనడానికి నా దగ్గరున్న గట్టి సాక్ష్యం రబీ మొక్కజొన్న. పూర్ణియా, కటిహార్, ఖగడియా జిల్లాల్లో ఎకరాకు 30 క్వింటాళ్లు తీసే రైతులు మామూలే. ఆ హైబ్రిడ్ విత్తనంలో బోలెడంత మన పశ్చిమ గోదావరి వైపు పండించి పంపేదే. బీహార్‌లో ఈ పంటకు సర్కారు కొనుగోలు లేకపోయినా పూర్ణియాలోని గులాబ్‌బాగ్ మండీలో కోళ్ల దాణాకు, స్టార్చికి కొనేవాళ్లు బారులు తీరుతారు. సరుకు గూడ్సు రైళ్లలో దక్షిణాదికీ వస్తుంది. అమ్ముడుపోతుందన్న నమ్మకం ఉంది కాబట్టి ఆ పంటకు డీజిల్ పోయడానికి అదే రైతు వెనకాడడు.

పంజాబ్‌ను చూసి మరీ మురిసిపోనక్కర్లేదు. అక్కడ ఏటా భూమిలోకి ఇంకేదానికంటే ఒకటిన్నర రెట్లు నీళ్లు తోడేస్తున్నారు. వరి నాట్లు జూన్ 10కి ముందు వేయకూడదని 2009లో చట్టమే చేయాల్సొచ్చింది. బీహార్‌లో ఈమధ్య పొలాలకు విడిగా కరెంటు లైన్లు వేస్తున్నారు. అవి సరిగా పనిచేసి, గోధుమ నవంబర్ నెలాఖరులోపు పడితే చాలు, సగటు మూడు నాలుగు క్వింటాళ్లయినా పెరుగుతుందని నా అంచనా.