బాలు గొంతు ఎవరిదో ఎవరికీ తెలియని రోజుల్లో వినాలని ఉంది

ప్రశ్న: మీకు బాగా ఇష్టమైన గాయకుడు లేదా సంగీత దర్శకుడి తొలిరోజులను దగ్గరుండి చూసే వీలుంటే ఎవరిని, ఏ కాలంలో చూస్తారు? ఎందుకు?

ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారిని. 1966 డిసెంబర్ నుంచి 1974 దాకా. అంత కాలం ఇవ్వం, తగ్గించుకో అంటే మద్రాసు కూడా వద్దు, మా అనంతపురంలో ఇంజనీరింగ్ చదువుదామని వచ్చి ఉన్నాడే, ఆ కొన్నాళ్లు చాలు.

చాలామందికి తెలియదు కాబట్టి ముందు ఇది చెప్తాను. ఇప్పుడు జేఎన్‌టీయూ అంటున్న అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో బాలు 1960ల మొదట్లో చేరాడు. అప్పటికి జేఎన్‌టీయూ అనేదే లేదు, యూనివర్సిటీ వచ్చింది 1972లో. ఆ రోజుల్లో దాన్ని ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ అనేవాళ్లని పెద్దవాళ్లు చెప్తారు. టైఫాయిడ్ వచ్చి చదువు మధ్యలో వదిలేసి వెళ్లిపోయాడు. తర్వాత మద్రాసులో ఏఎంఐఈ అనే ఇంజనీరింగ్ పరీక్షకు కట్టాడు. గెజిటెడ్ ఇంజనీరై జీపులో తిరగాలని తన కోరికగా ఉండేదని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. ఆ జ్వరం రాకపోతే ఏ నీటిపారుదల శాఖలోనో ఇంజనీరుగా చేరి, ఆఫీసు ఫంక్షన్లలో పాడి రిటైర్ అయ్యేవాడేమో. టైఫాయిడ్‌కు తెలుగువాళ్లు రుణపడి ఉన్నారని మా హాస్టల్లో ఒక జోకుండేది.

నేనూ అదే కాలేజీ. తొంభైల చివర్లో చదివాను. అప్పటికి ఈటీవీలో 'పాడుతా తీయగా' బాగా నడుస్తోంది, 1996లో మొదలైంది కదా. హాస్టల్ టీవీ గదిలో ఆ ప్రోగ్రాం వస్తే సీట్లకోసం గొడవ. పిల్లలు పాడటం అయ్యాక బాలు గారు మధ్యలో తన పాత రోజుల సంగతులు చెప్పేవాడు చూడండి, నేను దానికోసమే కూర్చునేదాన్ని. నాకు తెలిసిన సగం సంగతులు అక్కడ విన్నవే. ఆ మనిషి ఒకప్పుడు ఇదే ఆవరణలో పుస్తకాలు పట్టుకుని తిరిగాడని తెలిసిన రోజు మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ఏ గదిలో ఉన్నాడు, రాత్రి పూట పాడేవాడా, పాడితే పక్క గది వాళ్లు బాగుందన్నారా, లేక రేపు పరీక్ష ఉంది ఆపప్పా అన్నారా? ఎవరినడిగినా చెప్పేవాళ్లు లేరు. చెప్పగలిగినవాళ్లు ఎప్పుడో రిటైరై ఎక్కడెక్కడో ఉంటారు.

సరే, ఎందుకు అంటారా? పాటలన్నీ ఫోన్లో ఉన్నాయి, 1967 పాటైనా ఇప్పుడే వినొచ్చు, మళ్లీ ఆ రోజులకు పోయి చేసేదేముంది అని ఇదే ప్రశ్నకు ఇంకొకాయన జవాబు రాశాడు. నా బాధ అదే. పాట దొరుకుతుంది, దాన్ని వినే చెవి దొరకదు. నాకు ఊహ తెలిసేటప్పటికే బాలు గొంతు మా ఇంట్లో బీరువాలాగా ఉంది, ఎవరు తెచ్చారో ఎప్పుడు తెచ్చారో తెలియదు, ఉందంతే. అంత అలవాటైన గొంతును కొత్తగా వినడం ఎట్లా?

కొత్తగా వినడం అంటే ఏమిటో నాకు ఒక్కసారి అనుభవమైంది. స్కూల్లో ఉన్నప్పుడు 'రోజా' క్యాసెట్ మా ఇంటికొచ్చింది. మొదటి పాట మొదలవగానే మా అన్న టేప్ రికార్డర్ ఆపి, క్యాసెట్ బయటకు తీసి, అట్ట మీద పేరు చదివాడు. ఏఆర్ రెహమాన్ అంట, ఎవరబ్బా ఇతను అని. డప్పుల చప్పుడు ఎక్కడినుంచి వస్తోందో అర్థం కాలేదు, స్పీకరు చెడిపోయిందని కూడా అనుకున్నాం. ఇతను ముందుముందు ఏమవుతాడో మాకే కాదు, ఎవరికీ తెలియదు. ఆ తెలియకపోవడంలోనే మజా అంతా ఉంది. అదే క్యాసెట్‌లో 'నా చెలి రోజావే' పాడింది మళ్లీ బాలు గారే! కొత్తవాడి పాటలో కూడా పాతాయనే. అంటే రెహమాన్ మొదలును నేను చూశాను, బాలు మొదలు మాత్రం నా పుట్టుకకు ముందే అయిపోయింది. కుళ్లు అనుకోండి, ఏమైనా అనుకోండి.

ఆ మొదలును చూసిన మనిషి మా ఇంట్లో ఒకాయన ఉండేవాడు, మా పెదనాయన. ధర్మవరంలో సైకిల్ షాపు. పంక్చర్లు వేసుకుంటూ పొద్దస్తమానం రేడియో పెట్టుకునేవాడు. వివిధ భారతి, కడప స్టేషను, అన్నిటికంటే ముఖ్యంగా రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై వినిపించే తెలుగు పాటలు. షార్ట్‌వేవ్ కదా, గొంతు అలల్లాగా దగ్గరికొచ్చి దూరం పోతుండేది. ఒకరోజు కొత్త గొంతొకటి వినబడిందంట. ఘంటసాల కాదు, పీబీ శ్రీనివాస్ కాదు, మరి ఎవరు? షాపులో ఉన్నవాళ్లంతా తలోమాట. చివర్లో పేరు చెప్పేటప్పుడు సరిగ్గా స్టేషను జారిపోయింది. నేను అడిగినప్పుడల్లా ఇదే చెప్పేవాడు: "ఎవురప్పా ఈ పిల్లోడు, మీసాలొచ్చినట్టు లేదు అనుకున్న్యాం పాపా. తర్వాత పేరు తెలిసింది. పేరేమో ఇంత పొడుగు, గొంతేమో సన్నం." అంతకంటే పొగిడింది లేదు. ఆయన ఘంటసాల మనిషి, చివరిదాకా అంతే.

మొదటి పాట సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, అందులో మన సీమ వాటా ఉంది కాబట్టి. 1966 డిసెంబర్ 15న రికార్డయింది, 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' సినిమాకు. ఆ సినిమా తీసింది హాస్యనటుడు పద్మనాభం గారు. ఆయనది కడప జిల్లా పులివెందుల దగ్గర సింహాద్రిపురం. సంగీతం ఎస్పీ కోదండపాణి. ఇంటిపేరు చూసి చుట్టాలనుకుంటారు గానీ ఏమీ కారు, ఒక పోటీలో ఈ కుర్రాడి పాట విని వదిలిపెట్టని మనిషి, అంతే. మొదటి పాటే ఎవరితో పాడాడో చూడండి: సుశీల, పీబీ శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య. ముగ్గురు ఉద్దండుల మధ్య ఇరవై ఏళ్ల కుర్రాడు. ఇప్పటిలాగా ఎవరి ముక్క వాళ్లు ఒంటరిగా పాడి కంప్యూటర్లో అతికించే కాలం కాదది. వాద్యాలవాళ్లు, గాయకులు అందరూ ఒకేసారి, ఒకే టేక్‌లో. ఒకడు తప్పు పాడితే అందరూ మళ్లీ మొదటినుంచి. ఎంత టెన్షన్ పడి ఉంటాడో! ఆ పాట ఇప్పుడు వింటే టెన్షన్ ఏమీ వినబడదు, అది వేరే విషయం. గొంతు లేతగా ఉంటుంది, కానీ మాట ఎక్కడా నలగదు. ఒత్తులు, పొల్లులు అన్నీ అచ్చు గుద్దినట్టు పడతాయి. వాళ్ల నాన్న సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు, ఆ ఇంట్లో మాట నలిగితే ఊరుకోరు కదా.

ఇంకొక సంగతి నాకు మరీ ఇష్టం. ఆ రోజుల్లో పాట ఫిల్ముకు ఎక్కించాక టేపు చెరిపేసి మళ్లీ వాడుకునేవాళ్లు. కోదండపాణి గారు విజయా గార్డెన్స్ స్టూడియో సౌండ్ ఇంజనీరు స్వామినాథన్‌తో చెప్పి ఈ కుర్రాడి పాట టేపును చెరపకుండా ఉంచమన్నారు, వచ్చిపోయే సంగీత దర్శకులకు వినిపించడానికి. ఈ రోజుల్లో లింకు పంపితే అయిపోతుంది. అప్పట్లో ఒక టేపు, దాన్ని దాచిపెట్టే ఒక ఇంజనీరు, ఎవరొచ్చినా ఇది వినండి అని పట్టుబట్టే ఒక గురువు కావలసి వచ్చింది. నన్ను ఆ కాలానికి పంపితే రికార్డింగ్ రోజు కూడా అడగను. ఆ తర్వాత ఎవరో పేరున్న సంగీత దర్శకుడు వచ్చి ఆ టేపు విని "ఊఁ, చూద్దాంలే" అని వెళ్లిపోయే మధ్యాహ్నం ఉంటుందే, ఆ గదిలో ఓ మూల కూర్చోబెట్టండి చాలు.

మొదటి పాట అయిన వారానికే కన్నడంలో పాడాడు. ఇది మన ఉమ్మడి అనంతపురం జిల్లావాళ్లకు బాగా అర్థమవుతుంది. మడకశిర, హిందూపురం, రాయదుర్గం వైపు ఇంట్లో ఒక భాష, బజార్లో ఒక భాష మామూలే. మా అమ్మమ్మ వాళ్లు మడకశిర దగ్గర, వాళ్లకు బాలు కన్నడ గాయకుడే! తెలుగువాడని చెప్తే ఆమె "ఏమో, మా రేడియోలో కన్నడమే పాడతాడు" అనేది. తమిళం అంత తేలిగ్గా రాలేదు, ముందు భాష బాగా నేర్చుకుని రమ్మన్నారు సంగీత దర్శకుడు ఎంఎస్ విశ్వనాథన్. తర్వాత 1969లో ఎంజీఆర్ సినిమాకు 'ఆయిరం నిలవే వా' పాడటం, బాలుకు జ్వరం వస్తే ఎంజీఆర్ ఆ పాట ఇంకొకరికి ఇవ్వకుండా ఆగడం, అవన్నీ అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నా.

అందరూ మర్చిపోయేది ఇంకొకటుంది. ఇప్పుడు వెనక్కి చూస్తే ఘంటసాల తర్వాత బాలు అని ఒక గీత గీసినట్టు కనిపిస్తుంది. అప్పట్లో అలా లేదంట. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల గారు పోయారు. రెండు నెలలు తిరక్కుండానే ఏప్రిల్‌లో కోదండపాణి గారు పోయారు, నలభై రెండేళ్లకే. ఒకవైపు ఖాళీ అయిన సింహాసనం, మరోవైపు చెయ్యి పట్టుకుని నడిపించిన గురువు లేడు. ఆ రోజుల్లో గాయకుడు రామకృష్ణ గారి గొంతు నాగేశ్వరరావుకు బాగా నప్పుతోందని పేరు, గొంతులో ఘంటసాల ఛాయ ఉందని జనం ఆయనవైపు మొగ్గారు. మా పెదనాయన షాపులో పందేలు కూడా అయ్యాయంట, ముందు ముందు ఎవరు నిలబడతారని. పెదనాయన రామకృష్ణ మీద కట్టాడు. పెద్దహీరోలకు ఆ సన్న గొంతు ఆనదని ఆయన వాదన. 1980లో 'శంకరాభరణం' వచ్చాక ఆ పందెం గురించి ఎవరైనా గుర్తు చేస్తే రేడియో వాల్యూం పెంచేవాడు.

నాకు ఆ పందెంలో పాల్గొనాలని ఉంది. ఎవరి మీద కట్టేదాన్నో నిజంగా తెలియదు. ఇప్పుడున్న తెలివితో పోతే బాలు మీదే కడతాను, అందులో గొప్పేముంది? అప్పటి మనిషిగా, అప్పటి చెవులతో ఉంటే నేనూ రామకృష్ణ పక్షమే అయ్యుండొచ్చు.

ఇక ఊహలకు హద్దు లేదు కాబట్టి ఒకటి అడుగుతా. ఇళయరాజా సినిమా సంగీత దర్శకుడిగా వచ్చింది 1976లో. అంతకుముందు ఆయన, అన్న భాస్కర్, తమ్ముడు గంగై అమరన్ బాలు కచేరీల బృందంలో వాయించేవాళ్లు. బాలు పాడుతుంటే రాజా హార్మోనియమో గిటారో. అలాంటి కచేరీ ఒకటి మా అనంతపురం లలిత కళాపరిషత్తులో జరిగినట్టు ఊహించుకుంటాను. జరగలేదు, నా కోరికంతే. ఎండాకాలం రాత్రి, ఫ్యాన్లు తిరుగుతున్నా చెమట, బయట శెనిక్కాయలు వేయించే బండి, మధ్యలో కరెంటు పోతే మైకు లేకుండానే పాట. జనం సగం మంది సినిమా పాటలేనా, ఏదైనా భక్తి పాట పాడమని అరుస్తుంటారు. వేదిక మీద ముందు ముందు దక్షిణాదిని ఏలబోయే ఇద్దరు. ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి గడియారం చూసుకుంటుంటాడు. నేనెక్కడుంటానంటారా? పాటలు బాగున్నా, ఆకలేస్తే లేచి ఆ బండి దగ్గరికి పోయే రకాన్ని నేను, అక్కడే ఉంటాను.

మీలో ఎవరికైనా ఆ కాలపు బాలును వినాలనుంటే ఒక పద్ధతి చెప్తాను, నేను చేస్తుంటాను. ఎనభైల పాటలు కొన్నాళ్లు పూర్తిగా ఆపేయండి. ముందు ఘంటసాల, పీబీ శ్రీనివాస్ పాటలు అరవైలవి వరుసగా వినండి, చెవి ఆ కాలానికి అలవాటు పడేదాకా. ఆ తర్వాత 'మేడంటే మేడా కాదు' పెట్టండి. కోదండపాణి సంగీతమే. కొంచెం మా పెదనాయన షాపులో కూర్చున్నట్టే ఉంటుంది. 'ఎవరీ పిల్లోడు' అనిపిస్తే పని అయినట్టే. అనిపించకపోతే ఇంకో వారం ఘంటసాల.

ఇంకొక మాట. మీ ఇంట్లో తాతగారో, వాళ్ల స్నేహితులో 1960ల మొదట్లో అనంతపురం ఇంజనీరింగ్ కాలేజీలో చదివుంటే దయచేసి అడిగి చూడండి, నెల్లూరు యాసలో మాట్లాడుతూ పాటలు పాడే కుర్రాడొకడు కొన్నాళ్లుండి జ్వరమొచ్చి వెళ్లిపోయాడు, గుర్తున్నాడా అని. పాడేవాడు అంటే ఏం పాడేవాడో కూడా అడగండి. నా పందెం రఫీ పాటల మీద, రఫీ అంటే ఆయనకు ప్రాణం కదా. పెదనాయన లాగా ఈసారి ఓడిపోయినా పర్లేదు.