గుంట తవ్వి చూస్తే మంచు గట్టిగానే ఉంది, వాలు ఎక్కొచ్చా?

రాత్రంతా మంచు కురిసింది, ఇంకా కురుస్తోంది, మంచు చరియ (వాలు మీది మంచు ఒక్కసారిగా తెగి జారిపడటం) భయం ఉందేమోనని గుంట తవ్వి పొరలను పరీక్ష చేస్తే బాగానే ఉంది, ఎక్కొచ్చా అని అడిగారు. ఎక్కకండి. ఆ గుంటను నమ్ముకుని అసలు ఎక్కకండి.

నేను నమ్మాను. స్కీలతో నలుగురం వెళ్లాం. అప్పటికే మోకాలి లోతు కొత్త మంచు పడింది. చెట్ల మధ్య, గాలి తగలని చోట గుంట తవ్వాను. ముప్పై సెంటీమీటర్ల చదరపు స్తంభం కోసి, మీద పార పెట్టి, మణికట్టు ఆడిస్తూ పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది కొట్టాను. ఎక్కడా తెగలేదు. "ఏం కాదు, పదండి" అన్నది నేనే.

చెట్లు దాటి గట్టు కిందికి వచ్చామో లేదో కాళ్ల కింద "వుఫ్" మంది. నేల ఒక్కసారిగా దిగినట్టయింది. నా స్కీ ముందు నుంచి ఒక పగులు సర్రున పాకుతూ పోయింది. మేం ఉన్నది దాదాపు చదును. తెగింది మాత్రం మా పైన ఉన్న వాలు! బల్లలంత పలకలు దొర్లుకుంటూ వచ్చి మాకు కాస్త దూరంలో ఆగాయి. ఒక ముక్కను తిరగేస్తే అడుగున పంచదారలాంటి, ఒకదానికొకటి అంటుకోని గింజలు, గ్లవ్ మీదకు జలజలా రాలాయి. నా గుంటలోనూ అవే గింజలు కనిపించాయి. కానీ అక్కడ వాటి మీద ఉన్నది దూదిలాంటి మంచు. నా దెబ్బలకు అది అణిగిందే తప్ప పలకలా విరగలేదు. గట్టు కింద గాలి అదే మంచును తోసుకొచ్చి గట్టి పలకగా పేర్చింది.

తుఫానులో అసలు శత్రువు గాలి. ఆకాశం నుంచి పడే మంచు కంటే గాలి మోసుకొచ్చే మంచు గట్టుకు అవతలి వైపు ఎన్నో రెట్లు వేగంగా పేరుకుంటుంది. అందుకే నేనిప్పుడు ముందు చూసేది వాలు కోణం. పలకలు తెగేవి ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య. ఫోన్‌తో కూడా కొలవొచ్చు. 30 లోపు ఉంటేనే వెళ్తాను, అదీ పైన నిటారు వాలు వేలాడకుండా ఉంటేనే. చలిగా మొదలైన తుఫాను మధ్యలో వెచ్చబడితే తేలిక మంచు మీద బరువు మంచు పడుతుంది. ఆ రోజు ఇంట్లోనే ఉంటాను.

ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. మంచు చరియల ప్రమాద సూచికలో 5కి 3 అని ఉంటే జనం "మధ్యస్థమేగా" అనుకుంటారు. చాలామంది చనిపోయేది సరిగ్గా ఆ 3 ఉన్న రోజుల్లోనే. మంచు చరియలో పైకి తేలేందుకు వీపు సంచిలోంచి ఉబ్బే ఎయిర్‌బ్యాగ్ కొనగానే ధైర్యం వచ్చేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చెట్టుకో రాయికో గుద్దుకుంటే అది ఏం చేస్తుంది? పూర్తిగా కూరుకుపోయిన మనిషి బతికే అవకాశం పది, పదిహేను నిమిషాలు దాటితే దారుణంగా పడిపోతుంది. ముందు వెళ్లినవాళ్ల స్కీ జాడలు కూడా భరోసా కాదు. నాలుగో మనిషి బరువుకు తెగిన వాలులు ఉన్నాయి.

తుఫాను ఆగాక కొత్త మంచు కుదురుకోవడానికి కనీసం ఒకటి రెండు రోజులు ఇవ్వండి. అడుగున ఆ పంచదార గింజలుంటే వారాలైనా నమ్మలేం. మీ గుంట ఎక్కడ తవ్వారు, చెట్లలోనా, గట్టు పక్కనా? వాలు ఎన్ని డిగ్రీలు, గాలి ఎటు నుంచి? అవి రాయండి. అప్పటిదాకా కిందే ఉండండి.