బీటెక్ మానేసి డీజే అవుతానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. హైదరాబాద్‌లో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కాలేజీ ఫెస్ట్‌లో ఒకసారి డీజే చేశాడు. అప్పటి నుంచి హౌస్ మ్యూజిక్ తప్ప ఇంకో మాట లేదు. చదువు మానేసి, లక్షన్నర కట్టి డీజే కోర్సులో చేరతానంటున్నాడు. పెళ్లిళ్లలో డీజేలను చూశాం గానీ, కన్నకొడుకు అదే బతుకుదెరువు అంటే భయమేస్తోంది. ఇందులో ఎదుగుదల ఉంటుందా?
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ఎదుగుదల ఉంది. కానీ అది మీ అబ్బాయి అనుకుంటున్న దారిలో రాదు. లక్షన్నర ఇప్పుడే కట్టొద్దు. బీటెక్ మాన్పించొద్దు. అలాగని వాడి హెడ్‌ఫోన్స్ లాక్కుని దాచేయనూ వద్దు.

ముందు పెళ్లి డీజే సంగతి. పెళ్లిలో అందరికీ తెలిసిన పాట పెట్టాలి, ఎవరైనా అడిగితే వెంటనే మార్చాలి. అందులోనూ నేర్పు ఉంది, ముహూర్తాల రోజుల్లో రాబడీ ఉంది. దాన్ని చిన్నచూపు చూడకండి. హౌస్ డీజే పని వేరు. అక్కడ వేసే ట్రాకుల్లో చాలావాటిని జనం ముందెప్పుడూ విని ఉండరు. నిమిషానికి 120 నుంచి 130 దెబ్బల వేగంతో, ప్రతి దెబ్బకీ ఒక కిక్, అంటే పెద్ద డ్రమ్ము మోత, పడుతూ సాగిపోతుంది. తెలియని సంగీతంతో మూడు నాలుగు గంటలు మనుషుల్ని డాన్స్ ఫ్లోర్ మీద నిలపడమే ఆ పని.

ఈ సంగీతానికి పుట్టిల్లు అమెరికాలోని షికాగో. 1977లో అక్కడ వేర్‌హౌస్ అనే క్లబ్ మొదలైంది. దాన్ని నడిపిన రాబర్ట్ విలియమ్స్ మొదట న్యూయార్క్‌లోని డీజే లారీ లెవాన్‌ను రమ్మన్నారు. ఆయన రానన్నారు. ఆ అవకాశం ఆయన స్నేహితుడు ఫ్రాంకీ నకుల్స్‌కి వచ్చింది. అప్పటికి ఫ్రాంకీ వయసు 22. ఇది విని 'చూశావా అమ్మా, 22కే!' అని మీ అబ్బాయి అనొచ్చు. అంతకు ముందు కథ కూడా చెప్పండి. న్యూయార్క్‌లో టెక్స్‌టైల్ డిజైన్ చదువుకుంటున్న రోజుల్లోనే ఆయన లెవాన్‌తో కలిసి క్లబ్బుల్లో రికార్డులు వేయడం మొదలుపెట్టారు. షికాగో వెళ్లేనాటికే చేయి తిరిగిన మనిషి.

వేర్‌హౌస్‌కి వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువత. బయట నిర్భయంగా తిరగలేని వాళ్లకు ఆ గది ఒక గూడు. ఫ్రాంకీ 1982 దాకా వాళ్లకే వాయించారు. కొత్త డిస్కో రికార్డులు తగ్గిపోతున్న కాలమది. అందుకని ఉన్న పాటల్నే రీల్ టేపు మీదకు ఎక్కించి, కోసి, అతికించి, జనం ఊగిపోయే ముక్కను పొడిగించేవారు. ఆ అతుకు కుదిరిందో లేదో తేల్చేది ఫ్లోరే. ఆ క్లబ్ పేరులోని చివరి ముక్కే ఈ సంగీతానికి పేరైందని ఎక్కువమంది చెప్పే మాట. 1998లో ఆయనకు అమెరికా సంగీత పురస్కారం గ్రామీ వచ్చింది, రీమిక్సర్లకు, అంటే ఉన్న పాటను కొత్తగా మలిచేవాళ్లకు, ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ అది. వేర్‌హౌస్‌లో అడుగుపెట్టిన 21 ఏళ్లకు! నేను మీ అబ్బాయికి చూపించాలనుకునేది ఆ గ్రామీని కాదు, ఒకే ఫ్లోర్ ముందు నిలబడ్డ ఆ ఐదేళ్లను.

ఇంకొకాయన గురించి కూడా చెప్పండి. మార్షల్ జెఫర్సన్ షికాగో పోస్టాఫీసులో రాత్రి డ్యూటీ చేసేవారు. 1986లో ఆయన చేసిన 'మూవ్ యువర్ బాడీ' హౌస్ సంగీతానికే గీతంలా నిలిచిపోయింది. అందులో గొంతు కలిపింది తోటి పోస్టాఫీసు ఉద్యోగులే. చదువో ఉద్యోగమో పక్కన ఉంటే సంగీతం పాడవుతుందని బాబు వాదిస్తే, ఈ మాట గుర్తుచేయండి.

మరి కోర్సులో ఏం నేర్పుతారు? మొదటి పాఠం రెండు ట్రాకుల్ని కలపడం. ఒకటి నిమిషానికి 122 దెబ్బల్లో, ఇంకొకటి 125లో ఉందనుకోండి. రెండూ ఒకేసారి మోగితే కిక్కులు ఒకదాని వెనక ఒకటి పడి గుర్రం డెక్కల్లా వినిపిస్తాయి. ట్రాకు వేగం మార్చే పిచ్ స్లైడర్‌ని వెంట్రుకవాసి జరుపుతూ జరుపుతూ ఉంటే, ఒక క్షణంలో ఆ డెక్కలు ఆగి ఒక్క దెబ్బ మిగులుతుంది. భజనలో తాళం తప్పినవాడు మళ్లీ కలిసినట్టే. ఇప్పుడు సింక్ బటన్ నొక్కితే మెషీనే కలిపేస్తుంది. చెవికి అలవాటయ్యేదాకా ఆ బటన్ ముట్టుకోవద్దని మాత్రం చెప్పండి. దీనికి ఇంట్లో ఓ చిన్న కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌కి తగిలించి ట్రాకులు కలిపే పరికరం), ఉన్న ల్యాప్‌టాప్, ఆరు నెలల ఓపిక చాలు. కోర్సు మంచిదైతే తప్పులు త్వరగా దిద్దుతుంది. కానీ సర్టిఫికెట్ చూసి స్లాట్, అంటే వాయించే సమయం, ఇచ్చే క్లబ్ ఉంటుందని నేను అనుకోను.

మొదట్లో దొరికే స్లాట్ వార్మప్, అంటే పెద్ద డీజే రాకముందు వాయించడం. రాత్రి తొమ్మిదికి, ఖాళీ కుర్చీల ముందు, తగ్గించిన సౌండ్‌లో వాయించాలి. జనం నిండాక పెద్ద డీజేకి అప్పజెప్పి దిగిపోవాలి. అది బాగా చేసేవాళ్లను మళ్లీ పిలుస్తారు. పిలుపులు పెరిగితే వారం వారం ఒకే చోట వాయించే రెసిడెన్సీ దొరుకుతుంది. ఆ మెట్టు దాటాలంటే సొంత ట్రాకులు చేయడం రావాలి. ఊరి బయట పేరు తెలిసేది వాటితోనే.

తెలంగాణలో 21 నిండనివాళ్లకు మద్యం అమ్మకూడదు కాబట్టి, చాలా పబ్బులు ఆ వయసు లోపు వాళ్లను గుమ్మంలోనే ఆపేస్తాయి. అంటే మీ అబ్బాయికి ఎలాగూ రెండేళ్లు ఆగాల్సిన పనే. సరిగ్గా బీటెక్ పూర్తయ్యేదాకా! ఆ రెండేళ్లు కాలేజీ ఫెస్టులు, స్నేహితుల పార్టీలు, ఇంట్లో సాధన.

డబ్బు గురించి దాచకుండా చెప్తాను. నా దగ్గరికి వచ్చే కుర్ర డీజేలు ఎక్కువగా బాధపడేది పేమెంట్ గురించే. ఒకబ్బాయికి మూడు రాత్రుల డబ్బు చేతికి రావడానికి ఐదు నెలలు పట్టింది. తేదీ, సమయం, మొత్తం వాట్సాప్‌లోనైనా రాయించుకునే అలవాటు మొదటి రోజు నుంచే చేయించండి. చెవుల సంగతి ఇంకా ముఖ్యం. 100 డెసిబెల్స్ దగ్గర పావుగంట దాటితే వినికిడికి ప్రమాదమని చెప్తారు. పోయిన వినికిడి తిరిగి రాదు. కంట్రోలర్‌తో పాటే మంచి ఇయర్‌ప్లగ్స్ కొనివ్వండి.

పిల్లాడి గురించి టెన్షన్ మీకు ఉంటుంది, నాకు అర్థమవుతోంది. అందుకే ఒక్కటి అడుగుతాను. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, ఒక ఆదివారం సాయంత్రం గంటసేపు మీకోసం వాయించమనండి. మీరు, మీవారు, వీలైతే అమ్మమ్మా కూర్చోండి. ఆ గంటలో బాబు స్క్రీన్‌నే చూస్తున్నాడా, మధ్యమధ్యలో తలెత్తి మీ ముఖాలు చూస్తున్నాడా గమనించండి. ఎక్కడ విసుగొచ్చిందో మొహమాటం లేకుండా చెప్పండి. మళ్లీ వారం అదే చోట ఏం మార్చాడో విని, నాకు రాయండి.