బాలోర్ ఎప్పుడు పేలుతుంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పాత్రలు ధరించి పాచికలతో ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలోని పెద్ద డీమన్ల (రాక్షసుల) శక్తుల గురించే ఉన్నాయి. ప్రత్యేకించి చెప్పిన చోట తప్ప, జవాబులన్నీ ఐదో ఎడిషన్‌కు 2014లో వచ్చిన మాన్‌స్టర్ మాన్యువల్‌ను అనుసరించి ఇచ్చినవని పాఠకులు గమనించగలరు.

ప్రశ్న: మా బృందం ఒక పాడుబడిన కోటలో బాలోర్ అనే అగ్ని డీమన్‌తో తలపడింది. చివరి దెబ్బ నా బార్బేరియన్ (నేను ఆడే యోధుడి పాత్ర) గొడ్డలిది. బాలోర్ చస్తే పేలుతుందని తెలుసు కనుక "దీన్ని చంపడం లేదు, స్పృహ తప్పిస్తున్నాను" అని అక్కడికక్కడే చెప్పాను. మా డీఎం (ఆట నడిపే డంజియన్ మాస్టర్) ఒప్పుకోలేదు. హిట్ పాయింట్లు (ప్రాణబలం లెక్క) సున్నాకు చేరాయంటే డీమన్ చచ్చినట్టేనంటూ పేలుడుకు పాచికలు వేశారు. పక్కనే ఉన్న మా విజార్డ్ (మాంత్రికుడి పాత్ర) ప్రాణం పోయింది. ఎవరి మాట సరైనది?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నియమాల పాఠం ప్రకారం మీ మాటే సరైనది. డెత్ త్రోస్ అనే లక్షణం బాలోర్ "చనిపోయినప్పుడు" పేలుతుందని చెబుతుందే తప్ప, దాని హిట్ పాయింట్లు సున్నా అయినప్పుడు పేలుతుందని ఎక్కడా చెప్పదు. ఈ రెండూ ఒకటేనని చాలామంది అనుకోవడానికి కారణం, సాధారణంగా డీఎంలు శత్రువుల విషయంలో డెత్ సేవింగ్ త్రోల (సున్నాకు చేరాక బతుకుతారా చస్తారా అని తేల్చే పాచికల) జోలికి పోకుండా, సున్నాకు చేరిన వెంటనే చనిపోయినట్టు ప్రకటించడమే. అది ఆట వేగంగా సాగడం కోసం ఏర్పడిన పద్ధతి. దానికి భిన్నంగా, దగ్గర నుంచి ఆయుధంతో కొట్టి శత్రువును సున్నాకు తెచ్చిన ఆటగాడు, ఆ దెబ్బ తగిలిన క్షణంలోనే, చంపకుండా స్పృహ తప్పించే దారిని ఎంచుకోవచ్చని ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ స్పష్టంగా అనుమతిస్తుంది. ఈ అనుమతి నుంచి డీమన్లను మినహాయించే వాక్యం ఏదీ లేదు. మీరు కొట్టింది గొడ్డలితో, చెప్పింది సమయానికే. అదే బాణంతోనో ఫైర్‌బాల్ మంత్రంతోనో పడగొట్టి ఉంటే మీకు ఈ అవకాశం ఉండేది కాదు.

అయితే స్పృహ తప్పించినంత మాత్రాన ప్రమాదం తొలగిపోయిందని అనుకోకండి. బాలోర్ ఒంటి చుట్టూ ఉండే ఫైర్ ఆరా పనిచేయడానికి అది ఏ చర్యా తీసుకోనక్కర లేదు. స్పృహ లేకున్నా దాని టర్న్ (వంతు) వస్తూనే ఉంటుంది, ప్రతి టర్న్ మొదట్లో 5 అడుగుల లోపు ఉన్న ప్రతి ఒక్కరికీ ఆరు ముఖాల పాచికలు మూడింటి మేర మంట తగులుతుంది. కాబట్టి పడి ఉన్న బాలోర్‌ను తాళ్లతో కట్టేయాలని దగ్గర కూర్చునే వాళ్లు రౌండుకు (అందరి వంతులూ ఒకసారి పూర్తయ్యేసరికి) సగటున 10 చొప్పున కాలుతూనే ఉంటారు. దానికి తోడు, ఎవరి ఒంటి మీదా, ఎవరి చేతిలోనూ లేని తాడు ఆ పరిధిలో ఉంటే అంటుకుంటుంది. పైగా ఎవరూ చికిత్స చేయకపోయినా ఒకటి నుంచి నాలుగు గంటల్లో దానికి ఒక హిట్ పాయింట్ తిరిగి వస్తుంది.

తర్వాత దాన్ని ఎప్పుడు చంపినా పేలుడు తప్పదు. 30 అడుగుల లోపు ఉన్న ప్రతి ఒక్కరూ డీసీ 20 డెక్స్టెరిటీ సేవింగ్ త్రో (చురుకుదనంతో తప్పించుకోవడానికి, కనీసం 20 రావాల్సిన పాచిక) వేయాలి. తప్పితే ఆరు ముఖాల పాచికలు 20, అంటే సగటున 70 నష్టం, నెగ్గితే అందులో సగం. మీకు దక్కే లాభమల్లా, ఆ చావు ఎప్పుడు, ఎంత దూరం నుంచి అన్నది మీ చేతిలో ఉండటమే. అందరూ వెనక్కి తగ్గి, 60 అడుగుల నుంచి బాణం వేయవచ్చు. నేల మీద పడి ఉన్నందుకు దూరపు దెబ్బకు డిసడ్వాంటేజ్ (రెండు పాచికల్లో తక్కువది), స్పృహ లేనందుకు అడ్వాంటేజ్ (రెండింటిలో ఎక్కువది) వచ్చి, ఒకదానికొకటి చెల్లిపోయి మామూలు పాచికే వేస్తారు. ఆ ఒక్క బాణంతో అది చస్తుందా, డెత్ సేవింగ్ త్రోల్లో వైఫల్యంగా లెక్కకు వస్తుందా అన్నది మాత్రం డీఎం తేల్చాల్సిన విషయం.

సవరించిన నియమాల్లో ఈ వ్యవహారం ఇంకా తేటపడింది. 2024 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ప్రకారం స్పృహ తప్పించే దెబ్బ శత్రువును సున్నాకు బదులు ఒక హిట్ పాయింట్ దగ్గరే ఆపుతుంది కనుక, చచ్చిందా లేదా అన్న వాదనకు తావే లేదు. మీ డీఎంకు ఈ ఉపాయం కథకు తగదని అనిపించి ఉండవచ్చు, దాన్ని నిషేధించే అధికారమూ ఆయనకు ఉంది. కానీ ఆ నిషేధాన్ని యుద్ధానికి ముందే చెప్పాలి. గొడ్డలి దిగాక చెప్పి ఒక ఆటగాడి పాత్రను బలి తీసుకోవడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం. విజార్డ్ మరణాన్ని వెనక్కి తీసుకోమని మీరు మర్యాదగా అడగవచ్చు.

ప్రశ్న: నా ఫైటర్ పాత్రను బాలోర్ 30 అడుగుల దూరం నుంచి కొరడాతో తన పక్కకు లాగింది. మా డీఎం వెంటనే ఫైర్ ఆరా నష్టం కూడా వేయించారు. నా టర్న్‌లో పారిపోతుంటే రియాక్షన్‌తో (ఇతరుల వంతులో చేసే ఎదురుచర్యతో) మళ్లీ కొరడా విసిరి వెనక్కి లాగింది. ఇదంతా నియమాల్లో ఉన్నదేనా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: రెండో లాగుడు నియమబద్ధమే, మొదటి మంట మాత్రం కాదు. ఆరా నష్టం బాలోర్ టర్న్ మొదలయ్యేటప్పుడు దగ్గరున్న వాళ్లకూ, దాన్ని ముట్టుకున్న వాళ్లకూ, 5 అడుగుల లోపు నుంచి ఆయుధంతో కొట్టిన వాళ్లకూ తగులుతుంది. పరిధిలోకి వచ్చి పడినంత మాత్రాన తగలదు. కొరడా బాలోర్ టర్న్ మధ్యలో లాగింది కనుక, దాని తర్వాతి టర్న్ లోపు మీకు తప్పుకొనే అవకాశం ఉంది.

ఇక పారిపోవడం సంగతి. కొరడా అందే దూరం 30 అడుగులు, కత్తి అందే దూరం 10. అది లాగేది 25 అడుగుల వరకు కనుక మీరు సరిగ్గా 5 అడుగుల దగ్గర ఆగారు. అక్కడి నుంచి 30 అడుగుల వేగంతో నేరుగా పరుగెత్తితే 35 అడుగుల దగ్గర తేలాలి. కానీ 30 దాటబోయే అడుగు దగ్గర ఆపర్చునిటీ అటాక్ (అందే దూరం దాటి పోయేవాళ్లను రియాక్షన్‌తో కొట్టే దెబ్బ) వస్తుంది. కొరడా దెబ్బ దగ్గరి ఆయుధపు దెబ్బే కనుక, తగిలితే దాని ఫలితాలన్నీ వర్తిస్తాయి. డీసీ 20 స్ట్రెంగ్త్ సేవింగ్ త్రో తప్పితే మళ్లీ పక్కకు చేరతారు. అయితే అప్పటికి మీరు వాడింది 25 అడుగుల నడకే. మిగిలిన 5 అడుగులతో పక్కకు జరిగితే ఆరా పరిధి దాటినట్టే, అప్పటికి బాలోర్ రియాక్షన్ కూడా ఖర్చయిపోయి ఉంటుంది. మీ టేబుల్ దగ్గర ఈ 5 అడుగులను ఎవరూ లెక్కపెట్టినట్టు లేదు.

30 అడుగుల దగ్గరే ఆగిపోతే కొరడా రియాక్షన్ రాదు. కానీ 10 అడుగులు దాటేటప్పుడు కత్తితో కొట్టే హక్కు బాలోర్‌కు ఉంది. డిసెంగేజ్ చర్య (ఆ దెబ్బకు అవకాశమివ్వకుండా తప్పుకోవడం) తీసుకుంటే రెండూ తప్పుతాయి.

ప్రశ్న: యాంటీమ్యాజిక్ ఫీల్డ్ (మంత్రశక్తులను అణిచేసే వలయం) వేసి బాలోర్ దగ్గరకు వెళితే దాని పేలుడును ఆపవచ్చా? మా బృందంలో దీనిపై పెద్ద వాదన జరుగుతోంది.
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఆపలేరు. ఒక శక్తి మంత్రసంబంధమైనదా కాదా అని తేల్చడానికి చూడాల్సింది దాని పాఠాన్నే. అది స్పెల్లా (మంత్రమా), స్పెల్ స్లాట్లతో (మంత్రాలకు ఖర్చయ్యే నిల్వతో) నడుస్తుందా, మంత్రవస్తువు నుంచి వస్తుందా, వర్ణనలో మాయతో జరుగుతుందన్న మాట ఉందా అని చూడాలి. డెత్ త్రోస్‌లో అలాంటిదేదీ లేదు. టెలిపోర్ట్ వర్ణనలో ఆ మాట ఉంది కనుక ఫీల్డ్ లోపల బాలోర్ మాయమై మరో చోట తేలలేదు. అది స్పెల్ కాదు కనుక ఎదుటి మంత్రాన్ని అడ్డుకునే కౌంటర్‌స్పెల్ మాత్రం దానిపై పనిచేయదు.

మీరు ఆలోచించాల్సిన నష్టం వేరే ఉంది. ఆ 10 అడుగుల వలయంలో మీ మంత్రఖడ్గాలు మామూలు ఇనుమే. మామూలు ఆయుధాల దెబ్బను బాలోర్ సగానికి తగ్గించుకుంటుంది. అంటే ఫీల్డ్ వేసి మీ ఫైటర్ బలాన్నే మీరు సగం చేసుకున్నట్టు. ఒక్క సందర్భంలో మాత్రం అది బ్రహ్మాస్త్రం: ఆ బాలోర్‌ను ఎవరైనా మంత్రంతో పిలిపించి ఉంటే, వలయం లోపల ఉన్నంతసేపు అది ఉనికిలోనే ఉండదు. బాలోర్ తాను పిలుచుకున్న వ్రాక్‌లు అనే డీమన్లకూ ఇదే వర్తిస్తుంది. కనుక డీమన్ ఎలా వచ్చిందో ముందు విచారించండి.

పేలుడు నుంచి కాపాడేది దూరం, అడ్డు, రోగ్‌లకూ మాంక్‌లకూ ఏడో లెవెల్‌లో వచ్చే ఎవేజన్ (ఇలాంటి నష్టాన్ని తప్పించుకునే నేర్పు), ఆ తర్వాతే అగ్ని నుంచి రక్షించే స్పెల్స్. 2025లో వచ్చిన కొత్త మాన్‌స్టర్ మాన్యువల్‌తో ఆడేవాళ్లకు ఒక హెచ్చరిక: అందులో పేలుడు నష్టం సగం అగ్ని, సగం ఫోర్స్ (మాయాశక్తి దెబ్బ). అగ్ని అంటని పాత్ర కూడా నిశ్చింతగా నిలబడలేదు.

ప్రశ్న: మెరిలిత్ అనే డీమన్ ఒకే రౌండ్‌లో మా ముగ్గురి దెబ్బలనూ పారీ చేసింది (ఆయుధంతో అడ్డుకుంది). రియాక్షన్ రౌండుకు ఒకటే కదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మిగతా వాళ్లకు ఒకటే, మెరిలిత్‌కు రియాక్టివ్ లక్షణం వల్ల ప్రతి టర్న్‌కూ ఒకటి. మీరు ముగ్గురూ మూడు వేర్వేరు టర్న్‌లలో కొట్టారు కనుక మీ డీఎం చేసింది సబబే. కానీ ఒకే టర్న్‌లో మీ ఫైటర్ రెండు సార్లు కొడితే అది ఒక్కదాన్నే ఆపగలదు. పారీ చేసినప్పుడు దాని ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే రావాల్సిన అంకె) 18 నుంచి 23 అవుతుంది, అదీ ఎదురుగా కొట్టేవాళ్లు దానికి కనిపిస్తేనే. బాణాల మీద పారీ అసలు పనిచేయదు.