చార్మినార్, గోల్కొండ చూసేశాక హైదరాబాద్ చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి?

రాజుల పేర్లు కాకుండా జనం కథ కావాలని అడిగారు కాబట్టి కోఠికి వెళ్లమంటాను. పాత పుస్తకాల కోసం కాలేజీ రోజుల నుంచీ అక్కడ తిరుగుతున్నవాణ్ని, కొంచెం పక్షపాతం ఉంటే ఉండొచ్చు.

ముందు రెసిడెన్సీ, అంటే నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న రెసిడెంట్ భవనం. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. బ్రిటిష్ రెసిడెంట్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ఇద్దరూ రోహిల్లాలను (పఠాన్ యోధులను) వెంటబెట్టుకుని దీనిమీదే దాడి చేశారు. ఖాన్‌ను తర్వాత కాల్చి చంపారు, మౌల్వీని అండమాన్ పంపారు. దాని స్మారకం కోఠి బస్టాప్ దగ్గరే ఉంది. బస్సు టెన్షన్‌లో ఉన్నవాళ్లకు అది కనబడదు లెండి.

నాకు ఈ ప్రాంతం అసలు అర్థమైంది ఒక్క విషయం తెలిశాక. రెసిడెన్సీ చుట్టూ ఉన్న బజార్లు 1933 దాకా బ్రిటిష్ వాళ్ల అధికారం కింద ఉండేవి. నిజాం ఆంక్షలు నగరంలో మిగతాచోట్ల చెల్లినట్టు ఇక్కడ చెల్లేవి కావు. సభలకూ సంఘాలకూ ఈ చుట్టుపక్కల కాస్త ఊపిరి ఆడేది. 1901లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు తదితరులు మొదలుపెట్టిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం అనే గ్రంథాలయం ఇప్పటికీ సుల్తాన్ బజార్‌లో ఉంది. చీరల దుకాణాల రద్దీ దాటి లోపలికి వెళ్లి కాసేపు కూర్చోండి.

అక్కడికి దగ్గర్లోనే వివేకవర్ధిని విద్యాసంస్థ. 1921 నవంబర్‌లో సంఘ సంస్కర్త కార్వే అధ్యక్షతన ఇక్కడే సంఘ సంస్కార సభ జరిగింది. ఇంగ్లీషు, మరాఠీ ఉపన్యాసాలు బుద్ధిగా విన్న జనం, వకీలు ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గోల చేశారు. సంస్కరణ కోసం పెట్టిన సభలో! ఆ రాత్రే తెలుగువాళ్లు కొందరు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. అదే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1930లో జోగిపేటలో మొదటి మహాసభకు సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షుడు. 1940ల నాటికి అది కమ్యూనిస్టుల చేతికి వచ్చి, తెలంగాణ సాయుధ పోరాటం వైపు నడిచింది. నిజాం పాలన గురించి చదివేవాళ్లు చాలామంది నేరుగా నిజాం పాలన ముగిసిన 1948కి దూకేస్తారు. ఈ 1921 ఘట్టం వదిలేస్తే ఆ పోరాటానికి అంత బలం ఎక్కణ్నుంచి వచ్చిందో పట్టుబడదు.

సుల్తాన్ బజార్ మెట్రోలో దిగితే ఇదంతా ఒక పూట నడక. ఓపిక మిగిలితే ఉస్మానియా ఆసుపత్రి దాకా వెళ్లండి. 1908 మూసీ వరదలో దాదాపు 150 మంది ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఆ ఆవరణలోనే ఉంది.